ఉచిత బోధనా సాధనాలు: నెట్ అంతంతమాత్రంగా ఉన్న బడిలో నిజంగా పనికొచ్చేవి ఏవి?

దేవరకొండ_గణితం

ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులలో "టీచర్లకు నూరు ఉచిత వెబ్‌సైట్లు" అనే జాబితా ప్రతి జూన్ నెలలోనూ తిరుగుతూ ఉంటుంది. ఈసారి దానిని ఓపిక పట్టి మొదటి నుంచి చివరి దాకా తెరిచి చూశాను. సగానికి సగం ముందు ఖాతా తెరవమంటాయి, కొన్ని నెల తిరిగేసరికి కార్డు నంబరు అడుగుతాయి, మిగిలినవి ప్రతి విద్యార్థి చేతిలోనూ ఒక పరికరం ఉంటుందన్న నమ్మకంతో తయారైనవి. మాది దేవరకొండ డివిజన్‌లోని ఉన్నత పాఠశాల. తరగతి గదిలో వేలితో నడిపే పెద్ద తెర, అంటే ప్యానెల్ ఉంది, నా జేబులో ఒక ఫోను ఉంది, పిల్లల చేతుల్లో నోటు పుస్తకాలు ఉన్నాయి. నెట్ వరండాలో ఒక మూలకు వస్తుంది కానీ గదిలోకి రాదు. ఇటువంటి చోట మీరు స్వయంగా తరగతిలో వాడి, ఇప్పటికీ వాడుతున్నవి ఏవో చెప్పండి. దయచేసి మళ్ళీ జాబితాలు పంపవద్దు. నేను చెప్పేది గణితమే అయినా అన్ని విషయాల వారూ రాయవచ్చు, మా స్టాఫ్ రూములో అందరికీ చూపిస్తాను.

పాలమూరు_భౌతికం

నేను ఏటా తప్పకుండా వాడేది ఫెట్ (PhET), సైన్సు ప్రయోగాలను తెర మీద చేసి చూసే సైటు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన పని అది. అంతకు ముందు సంవత్సరమే ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్కొక్క ప్రయోగాన్ని ఒక్కొక్క ఫైలుగా ఇంటి దగ్గర దింపుకొని, పెన్ డ్రైవ్‌లో పెట్టుకొని వెళ్ళి, తరగతిలో బ్రౌజరులో తెరిస్తే చాలు, అక్కడ నెట్‌తో పని లేదు.

పదో తరగతి విద్యుత్తు పాఠంలో ఒక బ్యాటరీకి రెండు ఒకే రకం బల్బులను శ్రేణిలో కలిపి, ఏది ఎక్కువగా వెలుగుతుందని అడుగుతాను. స్విచ్చి వేయకముందే జవాబు నోటు పుస్తకంలో రాయిస్తాను. మొదటి బల్బు కొంత కరెంటును తినేస్తుంది కాబట్టి రెండోది మసకగా వెలుగుతుందని రాసేవారే ఎక్కువమంది ఉంటారు. ఆ తరువాత స్విచ్చి వేసి, రెండు బల్బులలోనూ ఎలక్ట్రాన్లు ఒకే వేగంతో సాగడం చూపిస్తే, రాసినదాన్ని కొట్టివేసుకునేవారు కొందరు, తెరనే నమ్మనివారు కొందరు అవుతారు. ఆ వాదన ముదిరిన తరువాతే టార్చి బల్బులు, నిజమైన తీగలు బయటికి తీస్తాను. బ్యాటరీ రెండు కొనలనూ తీగతో నేరుగా కలిపితే తెర మీద మంటలు లేస్తాయి, పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేది మాత్రం ఆ దృశ్యమే. కొన్ని ప్రయోగాలు తెలుగులో కూడా ఉన్నాయి.

నడిగడ్డ_టీచరు

పైన చెప్పిన ఫైలును నేనూ దింపాను సార్. మా ప్యానెల్‌లో నొక్కితే ప్రయోగానికి బదులు తెల్లని ఖాళీ పేజీ వస్తున్నది. ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లో మాత్రం చక్కగా తెరుచుకుంటుంది.

పాలమూరు_భౌతికం

ఆండ్రాయిడ్ ప్యానెళ్ళలో నేరుగా నొక్కితే ఫైలు మేనేజరు తన సొంత వ్యూయరులో తెరుస్తుంది, అందులో ఈ ప్రయోగాలు నడవవు. ఫైలు మీద వేలు కాసేపు ఆనించి ఉంచి, వచ్చే వరుసలో క్రోమ్‌ను ఎంచుకోండి. మీ ప్యానెల్‌లో విండోస్ భాగం కూడా ఉంటే అటు మారి తెరవడం ఇంకా సులువు. పాత జావా ప్రయోగాలు కొన్ని ఆ సైటులో ఇంకా ఉన్నాయి, అవి ప్యానెల్ మీద ఇలా తెరుచుకోవు కాబట్టి వాటి జోలికి పోకండి.

నడిగడ్డ_టీచరు

క్రోమ్‌తో తెరుచుకుంది. కృతజ్ఞతలు.

సుద్దముక్క_పంతులు

నేను రిటైరైన వాడిని, అయినా ఒక మాట అడుగుతాను. రెండు టార్చి బల్బులు, ఒక బ్యాటరీ, మూరెడు తీగతో అయిపోయే పాఠానికి గోడంత తెర దేనికి? మేము చెప్పిన రోజుల్లో పిల్లవాడు తీగను తన చేత్తో మెలిపెట్టేవాడు. ఇప్పుడు తెర మీద మంటలు చూసి చప్పట్లు కొడుతున్నాడు.

పాలమూరు_భౌతికం

పంతులు గారూ, తీగను ఇప్పటికీ వాడే మెలిపెడుతున్నాడు, నా పోస్టులో ఆ సంగతి కూడా ఉంది. నిజమైన బల్బు వెలుగును చూపిస్తుంది కానీ లోపల ఏమి కదులుతున్నదో చూపించలేదు. పిల్లవాడి తప్పు ఊహ ఉన్నది ఆ లోపలి సంగతి గురించే కాబట్టి, దాన్ని సరిచేయడానికి తెర కావలసి వస్తున్నది.

మిర్యాలగూడ_రేఖలు

అసలు ప్రశ్న గణితం గురించి కాబట్టి జియోజెబ్రా సంగతి నేను చెబుతాను. మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో చదువుకుంటూ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. కంప్యూటరులో ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే తరువాత నెట్ అడగదు, బడిలో చెప్పుకోవడానికి ఉచితం. దీని విలువ తయారుగా ఉన్న బొమ్మలను చూపించడంలో లేదు. బోర్డు మీద గీసిన త్రిభుజం గీసినట్టే ఉంటుంది, ఇందులో గీసిన త్రిభుజం శీర్షాన్ని పట్టుకొని లాగవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. త్రిభుజానికి మూడు ఉన్నతులు గీసి, అవి కలిసే లంబకేంద్రాన్ని ఎర్ర చుక్కగా గుర్తించండి. తరువాత ఒక విద్యార్థిని పిలిచి, ఏదైనా ఒక శీర్షాన్ని నెమ్మదిగా లాగమనండి. అల్పకోణ త్రిభుజంగా ఉన్నంతసేపు చుక్క లోపలే తిరుగుతుంది, ఒక కోణం సరిగ్గా 90 డిగ్రీలు కాగానే ఆ శీర్షం మీదికి వచ్చి కూర్చుంటుంది, ఇంకొంచెం లాగితే త్రిభుజం దాటి బయటికి పోతుంది. "బయటికెట్ల పోయింది సార్?" అని ఎవరో ఒకరు అరుస్తారు, పాఠం అక్కడ మొదలవుతుంది. ఇదే విషయాన్ని నల్లబల్ల మీద చూపాలంటే మూడు బొమ్మలు విడివిడిగా గీయాలి, ఆ మూడూ మూడు వేరు వేరు నియమాలని పిల్లలు బట్టీ పడతారు. అలాగే సరళరేఖ సమీకరణంలో వాలుకు ఒక స్లయిడరు పెట్టి కదిపించండి, వాలు సున్నా దాటి రుణాత్మకం కాగానే రేఖ అటు వైపుకు వాలడం చూసినవారు ఆ గుర్తును పరీక్షలో తారుమారు చేయరు.

సుద్దముక్క_పంతులు

ఈ త్రిభుజం సంగతి బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ వృత్తలేఖినితో లంబ సమద్విఖండన రేఖ గీయడం రాని పిల్లలు పదో తరగతికి వస్తున్నారు. లాగి చూపించే ముందు ఆ మూడు బొమ్మలూ ఒకసారి చేత్తో గీయించండి.

మిర్యాలగూడ_రేఖలు

అందులో వాదించడానికి ఏమీ లేదు. నేను గీయించిన మరునాడే చూపిస్తాను.

దేవరకొండ_గణితం

మా ప్యానెల్ ఆండ్రాయిడ్ రకం. జియోజెబ్రా అందులో నెట్ లేకుండా పనిచేస్తుందా, లేక కంప్యూటరు తప్పనిసరా?

మిర్యాలగూడ_రేఖలు

ఆండ్రాయిడ్ యాప్ కూడా ఉంది. ప్యానెల్‌కు మీ ఫోను హాట్‌స్పాట్ ఇచ్చి ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది, ఆ పూట మాత్రం ప్యానెల్‌ను వరండా దగ్గరికి జరపవలసి రావచ్చు. చక్రాల స్టాండు ఉంటే అదృష్టవంతులు.

వనపర్తి_ఇంగ్లీషు

జరపడం తరువాతి మాట, అసలు ప్యానెల్‌ను తెరిచే బడులు ఎన్ని? నాకు తెలిసిన ఒక చోట దసరాకు ఆయుధ పూజ చేసి, పసుపు కుంకుమ పెట్టి, దుప్పటి కప్పి పెట్టారు. సంక్రాంతి సెలవుల తరువాత కూడా దుప్పటి అలాగే ఉంది.

పిల్లల దగ్గర పరికరాలు లేని గదికి నేను చెప్పగలిగింది ప్లికర్స్. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క కాగితపు కార్డు ఇస్తాము, దాని మీద గళ్ళ బొమ్మ ఒకటి ఉంటుంది. ప్రశ్న అడగగానే తమ జవాబు అక్షరం పైకి వచ్చేటట్టు కార్డును తిప్పి పట్టుకుంటారు. నేను ఫోను కెమెరాను గది ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పితే ఎవరు ఏ జవాబు ఇచ్చారో నా ఫోనులో కనిపిస్తుంది. అక్షరాలు కార్డు అంచున చాలా చిన్నగా ఉంటాయి కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడం కుదరదు. ఎప్పుడూ చేయి ఎత్తని ఆడపిల్లలు వెనుక వరుసలో నలుగురు ఉండేవారు, వారి జవాబులు చాలావరకు సరైనవేనని నాకు తెలిసింది ఈ కార్డుల వల్లనే. కార్డులకు మెరిసే లామినేషన్ చేయించవద్దు, కిటికీ వెలుతురు పడితే కెమెరా చదవలేదు; మందపాటి కాగితం మీద జిరాక్స్ తీయించి అట్టకు అంటించండి. ఉచిత ఖాతాలో పెట్టుకునే ప్రశ్నలకు పరిమితి ఉంది, కానీ ఒక యూనిట్‌కు సరిపోతుంది. ఫోనులో డేటా మాత్రం రావాలి.

దేవరకొండ_గణితం

అయితే ప్లికర్స్ రోజు తరగతి వరండాలోనే పెట్టుకుంటాను.

మక్తల్_ఎస్జీటీ

ఉన్నత పాఠశాలల వారే మాట్లాడుతున్నారు కాబట్టి ప్రాథమిక పాఠశాల పక్షాన రాస్తున్నాను. మాది కర్ణాటక సరిహద్దు. ఒకటో తరగతిలో చేరేవారిలో కొందరు ఇంట్లో కన్నడమే మాట్లాడతారు, తండాల నుంచి వచ్చేవారు లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు. వారికి నాకు దొరికిన ఆధారం స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన ఈ వేదికలో బొమ్మల కథలు నాలుగు స్థాయిలలో ఉంటాయి, ఒకే కథ అవే బొమ్మలతో అనేక భాషలలో దొరుకుతుంది. ముందు కన్నడ ప్రతిని ఆ పిల్లల చేతనే చెప్పిస్తాను, మరునాడు అదే కథ తెలుగు ప్రతిని ముందు పెడతాను. బొమ్మలు అవే కావడంతో కథ ముందే తెలుసు, వారికి కొత్తగా నేర్చుకోవలసింది మాటలే. మొదటి రోజు మూగగా కూర్చున్నవారు కన్నడ ప్రతి తెరిచిన రోజు మిగతా తరగతికి పాఠం చెబుతారు, వారి ముఖాలు చూడాలి.

కథలను పీడీఎఫ్‌గా దింపుకొని అచ్చు వేసుకోవచ్చు, పేర్లు చెప్పినంత వరకు మనమే అనువదించి పంచుకోవడానికి కూడా అనుమతి ఉంది. చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమంలో పఠన మూలకు పుస్తకాలు చాలనప్పుడు నలుపు తెలుపులో జిరాక్స్ తీసి కుట్టి పెట్టాను. రంగులు లేవు కదా అని పిల్లలు తామే రంగులు వేసుకున్నారు.

జడ్చర్ల_తెలుగు

మక్తల్ మేడం చెప్పిన కథలలో కొన్నింటి తెలుగు చదివితే కోస్తా యాస అని మా పిల్లలు నవ్వుతారు. మీరు అలాగే చదివిస్తారా?

మక్తల్_ఎస్జీటీ

అచ్చులో ఉన్నట్టే చదివిస్తాను, తరువాత మన దగ్గర ఎట్ల అంటారో చెప్పమంటాను. మీరు సార్ కాబట్టి ఒక మాట, నేనూ సారునే, మేడం కాదు.

జడ్చర్ల_తెలుగు

ఒకటో తరగతి అనగానే మేడం అనుకున్నాను, మన్నించండి సార్. నేను మాత్రం మేడమే.

నల్లమల_సాంఘికం

సాంఘిక శాస్త్రానికి రెండు చెబుతాను. మొదటిది ఉపగ్రహ చిత్రాలు. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం ద్వారా ఇస్రో నడిపే పటాల సైటు భువన్ 2009 నుంచి ఉంది. కంప్యూటరులో వాడే గూగుల్ ఎర్త్ ప్రో ఉచితం, అందులో గడియారం గుర్తు నొక్కితే అదే చోటు పాత సంవత్సరాలలో ఎలా ఉండేదో కనిపిస్తుంది. ఇంకా తాజా చిత్రాలు కావాలంటే ఐరోపా వారి కోపర్నికస్ బ్రౌజరు అనే సైటులో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, ఆ జంట ఉపగ్రహాలు సుమారు ఐదు రోజులకు ఒకసారి మన మీదుగా పోతాయి. ఇవన్నీ నెట్ మీద నడిచేవే, అందువల్ల నేను ఇంటి దగ్గర చూసి, కావలసిన చిత్రాలను సేవ్ చేసుకొని బడికి తీసుకుపోతాను.

కొల్లాపూర్ వైపు శ్రీశైలం జలాశయం వెనుక జలాలను అక్టోబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి పక్కపక్కన పెట్టి చూపించండి. వానకాలం తరువాత సోమశిల దగ్గర సముద్రం లాగా పరచుకున్న నీరు ఎండాకాలానికి నది గట్టుల మధ్యకు జారిపోతుంది, నీళ్ళలో మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటపడేది అప్పుడే. జలాశయ నీటిమట్టం అనే మాటకు ఇంతకన్నా వివరణ అక్కరలేదు. మీ ఊరి చెరువుకు కూడా ఇదే చేయవచ్చు, చెరువు శిఖం (నీరు నిండే భూమి) లోకి ఇళ్ళు ఎప్పుడు వచ్చాయో కూడా తెలుస్తుంది, అయితే ఆ చిత్రం చూపించే ముందు ఊరి పెద్దలు ఎవరూ గదిలో లేకుండా చూసుకోండి.

రెండోది కివిక్స్. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకొని నెట్ లేకుండా చదువుకోవచ్చు. మన ఊళ్ళలో చాలావాటికి అందులో పేజీలు ఉన్నాయి, 2011 జనాభా లెక్కల వివరాలతో సహా. ఆ లెక్కల నాటికి మాది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరయ్యాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరయింది. తొమ్మిదో తరగతి వారికి తమ ఊరి పేజీ ఇచ్చి, ఏది ఇప్పటికీ నిజం, ఏది మారింది, ఏది ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి అని మూడు వరుసలలో రాయమన్నాను. ఒక బృందం పంచాయతీ కార్యాలయానికి పోయి కార్యదర్శిని ప్రశ్నలతో విసిగించి వచ్చింది. ఆయన నాకు ఫోను చేసి, ప్రాజెక్టు ఎప్పుడు అయిపోతుందని అడిగాడు.

సూర్యాపేట_ప్రశ్నపత్రం

వికీపీడియాను ఎవరైనా మార్చవచ్చు కదా, దానిని పాఠానికి ఆధారంగా తీసుకోవచ్చా?

నల్లమల_సాంఘికం

పాఠానికి ఆధారం పాఠ్యపుస్తకమే. పేజీని నమ్మడం కోసం నేను ఇవ్వలేదు, సరిచూడడం కోసం ఇచ్చాను.

మునుగోడు_జీవం

ఇక్కడ చెప్పినవన్నీ మంచివే, కానీ మా పిల్లలకు అవసరమైన ఒక పాఠం ఈ సైటులలో దేనిలోనూ నాకు తయారుగా దొరకలేదు. మా వైపు, మర్రిగూడ వైపు తాగునీటిలో ఫ్లోరైడ్ గురించి తాతల కాలం నుంచి తెలుసు. కాళ్ళు వంకరపోయిన పెద్దలు ప్రతి వాడలోనూ కనిపిస్తారు, పిల్లలు రోజూ చూస్తారు, కారణం అడిగితే నీళ్ళు అంటారు, అంతకు మించి చెప్పలేరు. అందుకే ఆ పాఠం నేనే తయారు చేసుకున్నాను.

లిబ్రే ఆఫీసులో కొన్ని స్లైడ్లు, భువన్ నుంచి ఒక పటం, బోరు లోతుకు పోయిన కొద్దీ గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడ్ నీళ్ళలో ఎందుకు కరుగుతుందో చూపే ఒక చేతి బొమ్మకు ఫోటో. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. పటికను, సున్నాన్ని నీటిలో కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, ప్రపంచమంతా దానిని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. మన జిల్లా పేరు విదేశాల పాఠ్యపుస్తకాలలో ఉందని చెప్పగానే తరగతి నిటారుగా కూర్చుంది. పటిక ముక్క వేసి బురదనీరు తేరుకోవడం గాజు గ్లాసులో చూపించాను, ఫ్లోరైడ్ మాత్రం అలా కంటికి కనిపించదని, పరీక్ష చేస్తేనే తెలుస్తుందని కూడా చెప్పాను. ఉచిత సాధనాలలో నేను ఎక్కువగా వాడేది ఇదే, సొంత పాఠం తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్.

వనపర్తి_ఇంగ్లీషు

మునుగోడు సార్, ఆ స్లైడ్లు ఇక్కడ పెట్టగలరా?

మునుగోడు_జీవం

పెడతాను. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మకూడదు అని మొదటి స్లైడు మీదే రాశాను.

సూర్యాపేట_ప్రశ్నపత్రం

పెట్టే ముందు అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నాయో లేదో చూడండి సార్. స్కూలు కాంప్లెక్స్ సమావేశంలో పంచిన ఒక ప్రశ్నపత్రం నా కంప్యూటరులో తెరిస్తే కుక్క గీసిన గీతలలాగా వచ్చింది, ఎందుకంటే దానిని పాత డీటీపీ ఫాంటులో కొట్టారు. ఆ ఫాంటులు లోపల ఇంగ్లీషు అక్షరాలనే దాచుకొని పైకి తెలుగు బొమ్మలు చూపిస్తాయి కాబట్టి, ఫాంటు లేని కంప్యూటరులో అసలు రూపం బయటపడుతుంది. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న వంటి యూనికోడ్ ఫాంటులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఫోనులో గూగుల్ వారి కీబోర్డు జీబోర్డు పెట్టుకొని నోటితో చెబితే తెలుగు టైపు అవుతుంది, ఒత్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి. "ఘనం" అని చెబితే "గణం" అని కొట్టింది, గణిత ప్రశ్నపత్రంలో అలా పడితే మరీ ప్రమాదం.

కల్వకుర్తి_కొత్తటీచర్

ఎవరూ చాట్‌బాట్‌ల గురించి చెప్పలేదు. డీఎస్సీ తరువాత చేరిన మా బ్యాచిలో అందరూ పాఠ్య ప్రణాళికలు వాటితోనే రాస్తున్నారు.

నల్లమల_సాంఘికం

ఒకదానిని నదులూ ప్రాజెక్టులూ పాఠానికి ప్రశ్నలు అడిగాను. కృష్ణ మీద ఉన్న ఒక ప్రాజెక్టును గోదావరి మీదికి మార్చి ఇచ్చింది. అంత సులువుగా మారిపోతే నీళ్ళ పంపకాల ట్రిబ్యునళ్ళకు పనే ఉండేది కాదు.

వనపర్తి_ఇంగ్లీషు

ఇంగ్లీషు పాఠానికి అంత ఇబ్బంది లేదు. ఒక పేరాను మూడు స్థాయిలలో తిరగరాయమంటే బాగానే రాస్తుంది, చదవలేని పిల్లలకు తేలిక పేరా ఇవ్వగలుగుతున్నాను. నాకు జవాబు ముందే తెలిసిన విషయం మాత్రమే అడుగుతాను, తెలియని విషయం అడిగి దానినే తరగతిలో చెప్పడం మంచిది కాదు.

జడ్చర్ల_తెలుగు

ఛందస్సు మాత్రం అడగకండి. గణవిభజన చేయమంటే పద్యాన్నే మార్చి గణాలు సరిపోయాయని చెబుతుంది.

గద్వాల_హెచ్ఎం

ప్రధానోపాధ్యాయుడిగా ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. కొన్ని క్విజ్ సైటులలో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు నింపి ఖాతాలు తెరుస్తున్నారు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని ప్రకారం 18 ఏళ్ళు నిండని వారందరూ పిల్లలే, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరం. ఉచితం అన్న సైటు మన దగ్గర డబ్బు తీసుకోకపోవచ్చు, పిల్లల వివరాలు తీసుకుంటున్నదేమో చూసుకోవాలి. ప్లికర్స్ వంటి వాటిలో కార్డు నంబరు చాలు, పేరు ఇవ్వనక్కరలేదు. నేను మా ఉపాధ్యాయులతో రోల్ నంబరు తప్ప మరేదీ ఎక్కించవద్దని చెప్పాను. తరగతి ఫోటోలు తీసి గ్రూపులలో పెట్టడం గురించి వేరే చెప్పాలి, అది పెద్ద కథ.

కల్వకుర్తి_కొత్తటీచర్

హెచ్ఎం సార్, మరి ఇతరుల వీడియోను తరగతిలో చూపించడం తప్పా? మా దగ్గర ఒకరు తప్పని అంటున్నారు.

గద్వాల_హెచ్ఎం

బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఒక రచనను నకలు తీసుకొని వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తున్నది. తరగతి గదిలో పాఠం కోసం వాడుకోవడం ఒక సంగతి, అదే వీడియోను కత్తిరించి తన పేరుతో యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టుకోవడం వేరే సంగతి. రెండోది మన వాళ్ళలో కొందరు నిర్భయంగా చేస్తున్నారు.

అచ్చంపేట_ఆకాశం

ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం పేరు ఇంతవరకు రాలేదంటే ఆశ్చర్యంగా ఉంది. కంప్యూటరులో పూర్తిగా ఉచితం, ఒకసారి వేసుకుంటే నెట్ అక్కరలేదు. మీ ఊరి అక్షాంశం ఇవ్వండి, రాత్రి తొమ్మిది గంటలకు మీ బడి మీద ఉండే ఆకాశం పగలు పదకొండు గంటలకు తరగతిలో కనిపిస్తుంది. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉంటుందో కొలిపించండి, మా దగ్గర అది సుమారు పదహారున్నర డిగ్రీలు వస్తుంది, అక్షాంశం కూడా అంతే కావడం చూసి పిల్లలు అట్లాసు తెచ్చి సరిచూసుకుంటారు. ఇక్కడి నుంచి నీడ లేని రోజుకు పోవచ్చు. మన ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వచ్చేది ఏడాదికి రెండు రోజులు, మే నెలలో వచ్చేది సెలవులకు పోతుంది, ఆగస్టు మొదటి వారంలో వచ్చేది బడికి దొరుకుతుంది. మీ ఊరికి ఏ రోజో ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పేజీలో చూసుకోవచ్చు. మధ్యాహ్నం పన్నెండు దాటి ఇరవై నిమిషాల ప్రాంతంలో నీళ్ళ సీసాను ఎండలో నిలబెడితే నీడ దాని కిందికే పోతుంది.

పాలమూరు_భౌతికం

ఆగస్టులో ఆ ఇరవై నిమిషాలకు మబ్బు తప్పుకోవాలి కదా. వాన కోసం మొక్కే జిల్లాలో వాన రావద్దని మొక్కుకున్నది ఆ ఒక్క రోజే.

కొల్లాపూర్_ల్యాబ్

కంప్యూటర్ ల్యాబ్ ఉన్నవారికి కొలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూడమని చెబుతాను. ఒక పాత ల్యాప్‌టాప్‌లో పాఠాలు, అభ్యాసాలు దింపి పెట్టుకుంటే, అదే వైఫైలో ఉన్న మిగతా కంప్యూటర్లన్నీ నెట్ లేకుండానే వాటిని వాడుకుంటాయి. ఫెట్ ప్రయోగాలూ, ఖాన్ అకాడమీ పాఠాలూ అందులో వస్తాయి. అయితే ఇంగ్లీషులో ఉన్నంత తెలుగులో లేదు, తెలుగు మాధ్యమం పిల్లలకు పక్కన కూర్చొని చెప్పాలి. తెలుగు పాఠాలకు రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్ వీడియోలు, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా దీక్ష యాప్ వాడుతున్నాను. దీక్షలో కూడా ముందు రోజు దింపుకుంటే మరునాడు నెట్ లేకుండా నడుస్తుంది, ఈ సంగతి తెలియక తరగతిలోనే కోడ్ స్కాన్ చేసి, చక్రం తిరుగుతుంటే చూస్తూ కూర్చునేవారు చాలామంది ఉన్నారు.

దేవరకొండ_గణితం

అందరి పోస్టులూ చదివాను. జియోజెబ్రా, ఫెట్ ఈ వారమే మొదలుపెడతాను, కార్డుల జిరాక్స్ రేపు తీయిస్తాను. స్టోరీవీవర్ సంగతి మా పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాల వారికి చెప్పాను, వారి దగ్గర తండా పిల్లలు ఎక్కువ. ఒక చిక్కు వచ్చింది. కివిక్స్‌లో ఒక పెద్ద ఫైలు దింపాను, పెన్ డ్రైవ్‌లో చోటు కావలసినంత ఉన్నా కాపీ కావడం లేదు, ఫైలు మరీ పెద్దదని చెబుతున్నది.

కొల్లాపూర్_ల్యాబ్

మీ పెన్ డ్రైవ్ ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది, అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటకూడదు. లోపల ఉన్నవి వేరే చోట దాచుకొని, ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసి మళ్ళీ కాపీ చేయండి. మీ ప్యానెల్ ఎక్స్‌ఫ్యాట్‌ను చదువుతుందో లేదో ముందు ఒక చిన్న ఫైలుతో చూసుకోండి, పాత ప్యానెళ్ళు కొన్ని చదవవు.

దేవరకొండ_గణితం

చదివింది. ఇప్పుడు కాపీ అవుతున్నది, ఇంకా ముప్పావు గంట చూపిస్తున్నది.